నిర్జనవీధి: హంపీ విరూపాక్ష రథవీధియు, దాని పాత ఛాయాచిత్రములును

ఊరి చరిత్రకు శాసనములు, కైఫీయతులు, కావ్యములు, యాత్రికుల వ్రాతలు ఆధారములని మన పరిశోధకులు చాలకాలము క్రిందటనే అంగీకరించిరి. 19వ శతాబ్ది మధ్యభాగము నుండి వీనికి ఛాయాచిత్రము తోడైనది. శాసనమునందు దాతను గూర్చిన అతిశయోక్తి యుండవచ్చును. కావ్యమునందు కవిసమయ ముండవచ్చును. కైఫీయతునందు దానిని చెప్పినవారి పక్షపాత ముండవచ్చును. ఛాయాచిత్రమునందు మాత్రము ఉన్నది ఉన్నట్లుగానే యుండునని మనకొక నమ్మకము. ఈ నమ్మక మెంతవరకు న్యాయమో ఒక్క వీధిని తీసికొని పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆ వీధి హంపీ గ్రామమున విరూపాక్షాలయపు తూర్పుగోపురము నెదుట నున్న పెద్దవీధి.

ఈ పరిశీలనకు ప్రేరణ మాలో పుట్టినది కాదు. తరగతిలో ప్రబంధములలోని పురవర్ణనలను బోధించునపుడు, పాఠము ముగిసిన పిదప ఈ వీధి యొక్క పాత ఛాయాచిత్రము నొకదానిని తెరపై చూపుట మాకు కొన్నేండ్లుగా అలవాటు. రాతికంబముల బారులు, దూరమున గోపురము, నడుమ నరసంచారము లేని నేల. దానిని చూపి, “అట్లుండెడిది, ఇట్లైనది” అని ఒక నిట్టూర్పుతో పాఠము ముగించుచుంటిమి. ఒకనాడు వెనుకవరుసలో కూర్చున్న విద్యార్థిని యొకతె, “సార్, గుడిలో పూజ ఎన్నడూ ఆగలేదని మీరే చెప్పినారు గదా! మరి పూలమ్మేవాళ్ళు ఎక్కడ?” అని యడిగినది. మాకు వెంటనే బదులు తోచలేదు. ఆ బదులును వెదకుచు బయలుదేరిన మాకు, ఇన్నాళ్ళు మేము చెప్పిన పాఠమే తప్పని తేలినది. ఆ తప్పును దిద్దుకొనుటయే ఇచ్చట మేము చేయబోవు పని.

1. వీధి

వీధి తూర్పుపడమరలుగా సాగినది. పడమటి కొనయందు విరూపాక్షాలయపు తొమ్మిది అంతస్తుల గోపురము. తూర్పు కొనయందు మాతంగ పర్వత పాదమున ఏకశిలానంది. స్థానికులు ఈ నందిని ఎదురుబసవన్న యందురు. ఈ రెంటి నడుమ దూరము సుమారు మూడువంతుల కిలోమీటరు. ఇరుప్రక్కల రాతికంబముల మంటపములు వరుసలుగా నిలిచియున్నవి; తూర్పు కొనను రెండంతస్తుల మంటపము కూడ కలదు. ఆలయములోని రంగమంటపమును, లోపలి గోపురమును కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున కట్టించినట్లు అచ్చటి శాసనము చెప్పుచున్నది.

గ్రంథములలోను పటములలోను దీనిని ‘హంపీ బజారు’ అని వ్రాయుట వాడుక. ఈ పేరు వీధి ప్రయోజనములలో నొక్కదానినే చెప్పుచున్నది. మన దేవాలయ గ్రామములలో పెద్దవీధి అనగా ముందుగా రథవీధి. తేరు సాగుటకు ఎంత వెడల్పు కావలెనో వీధి అంత వెడల్పుగా నుండును. తేరు ఎచ్చటి వరకు పోయి మరలవలెనో వీధి అంత పొడవుగా నుండును. చైత్రమాసపు రథోత్సవమున విరూపాక్షుని తేరు నేటికిని ఈ వీధిలోనే సాగుచున్నది. అంగళ్ళు, సత్రములు, ఇండ్లు తేరును అనుసరించి వచ్చినవి. కావున ఈ వీధిని ‘బజారు’ అని మాత్రమే తలచినవానికి, అంగళ్ళు పోయినచో వీధి చచ్చినట్లు తోచును. రథవీధి యని తలచినవానికి తేరు నడచినంతకాలము వీధి బ్రతికియే యున్నది.

సుమారు 1520 నాటికి విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ వీధిని వర్ణించినాడు. అతని వర్ణనలో నిది మిక్కిలి చక్కని ఇండ్లుగల వీధి. ఆ ఇండ్లకు వసారాలు, ముందుకు చొచ్చిన మేడభాగములు కలవు. వచ్చిన యాత్రికులు వానిలో తలదాచుకొందురు. గొప్పవారికి వేరుగా బసలున్నవి. దేవదర్శనమునకు వచ్చినపుడు రాజు దిగుటకు ఇదే వీధిలో నగరు కలదు. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, పేస్ చూచినది సరకులమ్ము చోటును మాత్రమే కాదు. జనులు దిగి, వండుకొని, నిద్రించు చోటును కూడ. నేడు మనము మంటపములని పిలుచుచున్న కట్టడములలో మనుష్యులు నివసించుట తరువాతి కాలపు అపచారమని చెప్పువారు ఈ వర్ణనను మరచుచున్నారు.

2. కాగితముపై పడిన నీడ

1565 నాటి రాక్షసి–తంగడి యుద్ధము పిదప రాజధాని పాడైనది. 1799–1800 సంవత్సరములలో కర్నల్ కాలిన్ మెకంజీ ఈ శిథిలముల నుద్దేశించి పటములు వ్రాయించెను. నీటిరంగుల చిత్రములు వేయించెను. ఆ తరువాత అర్ధశతాబ్దికి, 1856లో, మద్రాసు సైన్యపు అధికారియైన అలెగ్జాండర్ గ్రీన్‌లా అరువదికి పైగా ఛాయాచిత్రములను తీసెను. విజయనగర శిథిలములకు సంబంధించిన తొలి ఛాయాచిత్రములలో నివి ముఖ్యములు. వీని ప్రతికృతులు గాజుపలకలపై కాక మైనము పట్టించిన కాగితముపై నున్నవి. అవి కాలక్రమమున ఆల్కాజీ ఛాయాచిత్ర సంగ్రహమునకు చేరినవి. 1983లో ఆస్ట్రేలియా దేశస్థుడైన జాన్ గాలింగ్స్, గ్రీన్‌లా కెమెరాను నిలిపిన చోటులను వెదకి, అచ్చటనే తన కెమెరాను నిలిపి మరల చిత్రములు తీసెను. జార్జి మిచెల్ సంపాదకత్వమున 2008లో వెలువడిన గ్రంథము ఈ చిత్రసంపదను లోకమున కందించినది. ఆ గ్రంథము పేరునకు ‘శిథిలములలో వైభవము’ అని యర్థము.

ఈ చిత్రముల విలువను తగ్గించుట మా యుద్దేశము కాదు. అయితే ఏ గ్రంథమును విమర్శించునపుడైనను అది తాళపత్రముపై నున్నదా, కాగితముపై నున్నదా, లేఖకు డెవ్వడు, వాని అలవాటు లేవి అని మొదట విచారింతుము. ‘థ’కారమును ‘ధ’కారముగా వ్రాయు అలవాటుగల లేఖకుని ప్రతిలో ‘ధ’కారము కనబడినంత మాత్రమున పాఠనిర్ణయము చేయము. ఆ మెలకువయే ఛాయాచిత్రమునకును కావలెను. కెమెరా యనునది ఒక లేఖకుడు. ఆ లేఖకునికి కొన్ని నిలుకడైన లోపములున్నవి.

కాగితపు ప్రతికృతి విధానమును ఇంగ్లండు దేశమున ఫాక్స్ టాల్బట్ కనిపెట్టి 1841లో తన పేర హక్కు పొందెను. కాగితమునకు ముందుగానే మైనము పట్టించు పద్ధతిని 1851లో ఫ్రెంచి దేశస్థుడైన గుస్తావ్ లె గ్రే ప్రకటించెను. ఇట్లు సిద్ధపరచిన కాగితము కొన్నిదినములు చెడక నిలుచును. కావున ఎండలో, దూరప్రయాణములలో, గాజుపలకలు మోయక పనిచేయువారికి నిది అనుకూలమైనది. కాని దీనికొక వెల కలదు. ఇది వెలుతురును మెల్లగా గ్రహించును. మంచి యెండయందును కెమెరా కన్ను కొన్ని నిమిషముల సేపు తెరచియే యుంచవలెను.

ఆ కొన్ని నిమిషములలో ఏమి జరుగునో ఆలోచింతము. రాతికంబము కదలదు, గోపురము కదలదు, వాని రూపములు కాగితముపై గాఢముగా పడును. వీధికి అడ్డముగా నడచిపోవు మనుష్యుడు ఏ యొక్కచోటను రెండు క్షణములకంటె నిలువడు. అతని నీడ కాగితముపై పడుటకు చాలినంత కాలము లేదు. అతడు వీధి దాటినాడు. చిత్రమున మాత్రము లేడు. ఎద్దుబండి, మేక, నీళ్ళబిందెతో పోవు స్త్రీ, బిడ్డలు, వీరందరును ఇట్లే మాయమగుదురు. కదలక కూర్చున్న ముసలివాడొకడు ఒక మసకమచ్చగా మిగిలిన మిగులవచ్చును.

ఇది మా యూహ కాదు. వీధిని చూపు ఛాయాచిత్రములలో మొదటివాటి యందే దీనికి సాక్ష్యము కలదు. 1838లో డాగెర్ పారిస్ నగరమున తన మేడ కిటికీ నుండి బులెవార్ ద్యు టాంప్ల్ అను వీధిని వెండిపూత పలకపై గ్రహించెను. అది పగటివేళ బండ్లతోను జనముతోను నిండియుండు వీధి. పలకపై నది దాదాపు శూన్యముగా కనబడుచున్నది. ఒక్క మూలను ఒక మనుష్యుని రూపము మాత్రము నిలిచినది. అతడు తన పాదరక్షలను శుభ్రపరచుకొనుచు ఆ కొంతసేపు కదలక నిలిచియుండెను. ఆనాటి పారిస్ నగరము పాడుపడినదని ఎవ్వరును అనరు. యంత్రము యొక్క శక్తి అంతవరకేనని యందురు. పారిస్ వీధికి చూపిన ఈ న్యాయమును హంపీ వీధికి చూపకుండుటకు కారణము కనబడదు.

3. రాతిని గూర్చిన సాక్ష్యము

పై మాటలవలన పాత ఛాయాచిత్రములు నమ్మదగనివని పాఠకులు తలపరాదు. అవి ఏ విషయమున నమ్మదగినవో ఆ విషయమున వానిని మించిన సాక్షి లేదు. దీనికొక నిదర్శనము విఠ్ఠలాలయపు రాతిరథము. నేడు దానిని చూచువారికి పైభాగము చదునుగా ముగిసినట్లు కనబడును. 2017లో విడుదలయైన ఏబదిరూపాయల నోటుపై నున్న రూపమును అదియే. కోట్ల చేతులలో తిరుగు ఆ బొమ్మవలన, రథమన్న నిట్లే యుండెనని దేశమంతయు నమ్ముచున్నది. గ్రీన్‌లా 1856లో తీసిన చిత్రమున ఆ రథముపై ఇటుకలతో కట్టిన శిఖరము కలదు. తరువాతి కాలమున అది తొలగింపబడినది. ఈ యొక్క చిత్రము లేనిచో శిఖరపు రూపమును కంటితో చూచు భాగ్యము మనకు కలిగియుండదు.

ఇట్లే కూలిన దూలము, వంగిన కంబము, గోడపైని మొలచిన రావిమొక్క, తరువాతివారు పునరుద్ధరించిన భాగము, వీని నన్నిటిని గ్రీన్‌లా చిత్రమును గాలింగ్స్ చిత్రముతో ప్రక్కప్రక్కన నుంచి నిర్ణయింపవచ్చును. నూట ఇరువదియేడేండ్ల యెడముగల రెండు ప్రతులను సరిచూచు పరిష్కర్త పని వంటిది ఆ పని. దానిని వారు శ్రద్ధతో నెరవేర్చిరి. అయితే అదే చోట కెమెరాను నిలిపినపుడు అదే ప్రశ్న మరల అడుగబడును. మొదటి చిత్రము రాతిని అడిగినది. రెండవదియు రాతినే అడిగినది. రెంటిని కలిపి చూచు పాఠకుడు, రాతి చరిత్రయే ఊరి చరిత్రయని భ్రమించుటకు వీలున్నది. ఈ భ్రమ చిత్రకారుల దోషము కాదు. చదువరులమైన మన దోషము.

4. జనమును గూర్చిన మౌనము

గ్రీన్‌లా చిత్రావళిని చూచువారి కెల్లరకు మొదట తోచు భావము నిశ్శబ్దము. అంత నిశ్శబ్దమునకు కారణములు రెండు. మొదటిది పైన చెప్పిన యంత్రలోపము. రెండవది చిత్రకారుని రుచి. ఆ కాలపు ఆంగ్ల చిత్రకారులకు శిథిలమన్న నొక ప్రత్యేకాభిమానము. శిథిలము నిర్జనమై, తీగలల్లుకొని, సాయంకాలపు నీడలతో నుండవలెనని వారి సౌందర్యశాస్త్రము. దానిలో దుకాణము, బట్టలారవేసిన త్రాడు, పొగగ్రమ్ముచున్న పొయ్యి ఇమిడెడివి కావు. యంత్రము కదలువారిని తొలగించినది; కదలక యున్నవాటిలో తనకు వలసిన చోటును చిత్రకారుడు ఏరుకొనెను.

తరువాతి కాలపు చిత్రములలో ఈ స్థితి కొంత మారినది. 1867–68 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమునకై దక్షిణదేశపు కట్టడములను చిత్రించిన ఎడ్మండ్ లైయన్ గాజుపలకల పద్ధతి నవలంబించెను. ఆ పలకలకు నిమిషములు కాక క్షణములు చాలును. అప్పుడు మనుష్యుడు చిత్రమున ప్రవేశింపగలిగెను. కాని ఎట్లు ప్రవేశించెను? పురావస్తు చిత్రములలో మనుష్యుని కంబము ప్రక్కను కొలతబద్దవలె నిలుపుట ఆచారమైనది. కంబ మెంత యెత్తో తెలియుటకు అతడు కావలెను. అతని పేరు, పని, ఇల్లు అక్కరలేదు. లేకుండుటకంటె నిది మేలే. అయినను ఇదియు జనచరిత్ర కాదు. 1861లో ఏర్పడిన పురావస్తుశాఖ వారి పనిలో ఈ పద్ధతి స్థిరపడి, 1917లో లాంగ్‌హర్స్ట్ హంపీ శిథిలములను గూర్చి సచిత్రగ్రంథము ప్రకటించునాటికి ‘శిథిలములు’ అను మాటయే హంపీకి మారుపేరైనది. గ్రామము కలదు, దేవుడు కలడు, తేరు కలదు. గ్రంథము పేరులో మాత్రము శిథిలములే కలవు.

రాబర్ట్ సూయెల్ 1900లో ప్రకటించిన చరిత్రగ్రంథమునకు ‘మరవబడిన సామ్రాజ్యము’ అని పేరు పెట్టెను. పేస్, నూనిజ్ వ్రాతలను ఆంగ్లమున కనువదించి ఆయన చేసిన ఉపకారము గొప్పది. కాని మరచినవా రెవ్వరు? ఆముక్తమాల్యదను చదువు తెలుగువాడు మరువలేదు. రాయల కథలను, తిమ్మరుసు కథలను చెప్పుకొను రాయలసీమ పల్లెలు మరువలేదు. 1953 వరకు ఈ గ్రామము మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాలో నుండినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడిననాడు మైసూరు రాష్ట్రములో చేరినది. 2021 నుండి విజయనగర జిల్లాలోనిది. పాలన మారినను, ఇరుభాషల జనమును విరూపాక్షుని దర్శించుట మానలేదు. మరపు పరిపాలకులది, స్మృతి యాత్రికులది.

5. కావ్యాచారము, యంత్రాచారము

ఇచ్చట తెలుగు శాఖవారికి ఛాయాచిత్రములతో నేమి పనియని కొందరడుగవచ్చును. పని కలదు. పురము నెట్లు వర్ణింపవలెనను విషయమున మనకు వేయేండ్ల సంప్రదాయము కలదు. అష్టాదశ వర్ణనలలో నగరవర్ణనము మొదటిది. మన కవులు కోట, అగడ్త, మేడలు చెప్పి ఊరకుండరు. నాలుగు వర్ణములవారిని, వర్తకులను, వారాంగనలను, పూలమ్ము స్త్రీలను, ఏనుగులను, గుఱ్ఱములను తప్పక చెప్పుదురు. ఆముక్తమాల్యద ఆరంభమున శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో తోటలు, ఇండ్లు, వానిలో మెలగు జనులు కలసియే కనబడుదురు. ఆ కావ్యమున విష్ణుచిత్తుని ఇంటి గొప్పతనము ఆ ఇంటి గోడలలో లేదు. అకాలమున వచ్చిన అతిథికి సైతము అన్నము పెట్టుటలో నున్నది. మన కవులకు జనము లేని పురము పురమే కాదు.

ఈ వర్ణనలు అతిశయోక్తులని చరిత్రకారులు వీనిని ప్రక్కకు నెట్టుట కలదు. అతిశయోక్తి యున్నమాట నిజము. కాని నిష్పక్షపాతముగా చూచినచో కావ్యమునకు నొక ఆచారమున్నట్లే కాగితపు ఛాయాచిత్రమునకును నొక ఆచారము కలదు. కావ్యాచారము జనమును అధికము చేయును. యంత్రాచారము జనమును లోపింపజేయును. మొదటిదానిని కవిసమయమని గుర్తించి సవరించుకొందుము. రెండవదానిని సత్యమని యథాతథముగా గ్రహింతుము. ఒక సాక్షి ఎక్కువ చెప్పుననియు, ఇంకొక సాక్షి తక్కువ చెప్పుననియు తెలిసినపుడు ఇద్దరి మాటలను తూచవలెను గాని, తక్కువ చెప్పువానిని మాత్రమే నిజము పలుకువానిగా నెంచరాదు.

మన ఆధునిక కవిత్వము కూడ ఈ విషయమున నిర్దోషము కాదు. 20వ శతాబ్ది పూర్వార్ధమున తెలుగున శిథిలగీతముల కొక కాలము వచ్చినది. కొడాలి వేంకటసుబ్బారావుగారి ‘హంపీక్షేత్రము’, పుట్టపర్తి నారాయణాచార్యులవారి ‘పెనుగొండలక్ష్మి’ ఆ కోవలో ప్రసిద్ధములు. అవి జాతికి ఆత్మగౌరవమును కల్పించిన కావ్యములు. వానియందు మాకు గౌరవమే కాని వేరు లేదు. కాని ఆ కోవ కవిత్వమునకు కరుణము ప్రాణము. కరుణమునకు శూన్యమైన వీధి మంచి ఉద్దీపనము. ఛాయాచిత్రము కూడ ఆ శూన్యమునే చూపుటవలన, కవి దుఃఖమునకు యంత్రము సాక్ష్యము పలికినట్లైనది. మేము తరగతిలో విడిచిన నిట్టూర్పు ఈ రెంటి కలయికవలన పుట్టినదే.

6. చిత్రము నుండి వీధికి

ఇదంతయు పండితుల ముచ్చట మాత్రమే యైనచో ఇంత విస్తరింపనక్కరలేదు. 1986లో హంపీ ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. అప్పటికే వీధి మంటపములలో కుటుంబములు కాపురముండుట, కంబముల నడుమ గోడలు లేపి దుకాణములు, భోజనశాలలు నడపుట చాలకాలము నుండి కలదు. వచ్చుపోవు పర్యాటకులవలన అది మిక్కిలి పెరిగినది. 2011 జూలైలో అధికారులు ఈ కట్టడములను కూలద్రోయించిరి. సుమారు మూడువందల కుటుంబములు వీధిని విడువవలసి వచ్చినది. వారికి కొన్ని కిలోమీటర్ల దూరమున కడ్డిరాంపురము వద్ద స్థలములు చూపబడినవి.

ఈ చర్యలోని న్యాయాన్యాయములను నిర్ణయించుట మా యధికారము కాదు. ప్రాచీన కంబములకు మేకులు కొట్టుట, సున్నము రంగులు పూయుట, చెక్కడములు కనబడకుండ గోడలు కట్టుట తగదని మేమును అందుము. కట్టడమును కాపాడుట ప్రభుత్వపు విధి. మాకు సంబంధించిన ప్రశ్న వేరు. కూల్చివేతను సమర్థించినవారి మాటలలో, వీధిని దాని ‘పూర్వస్థితికి’ తెచ్చితిమను భావము వినబడుచుండెను. ఏ పూర్వస్థితి? పేస్ చూచిన నాటిదైనచో ఆ వీధిలో ఇండ్లు, బసలు, యాత్రికులు నిండియుండిరి. ఖాళీ కంబముల వరుస యనునది 1520 నాటి స్థితి కాదు. 1856 నాటి కాగితముపై పడిన స్థితి. ఛాయాచిత్రపు శూన్యమును చరిత్రలోని శూన్యముగా నెంచి, ఆ చిత్రమునకు సరిపోవునట్లు వీధిని మరల దిద్దినట్లైనది. పాఠభేదమును చూచి మూలమును దిద్దుట యన్న నిదియే.

ఈ వీధిని మేము ఇటీవల ఒక వేసవి ఉదయమున చూచితిమి. కంబములు చక్కగా కనబడుచున్నవి. కెమెరా పట్టుకొన్నవారికి ఏ యడ్డును లేదు. గోపురము దగ్గర ఒక ముసలామె గంపలో మల్లెపూలు పెట్టుకొని నీడ వెంట జరుగుచు కూర్చుండెను. మేము పూలు కొని, “ఎన్నాళ్ళ నుండి యిచ్చట అమ్ముచున్నారమ్మా?” యని యడిగితిమి. ఆమె కన్నడమాటల నడుమ తెలుగు కలిపి, తన అత్తగారును ఇచ్చటనే అమ్మెడిదని చెప్పెను. అంతకు ముందు తరమును గూర్చి మేమడుగలేదు. కాని ఆ నీడ వెంట జరుగుటను చూచినపుడు మా విద్యార్థిని ప్రశ్నకు బదులు దొరికినది. ఎండ జరిగినకొలది పూలగంప జరుగును. కాగితముపై నిలుచుటకు నిమిషములు కావలసిన కెమెరాకు ఆమె యెన్నడును చిక్కదు.

7. ఉపసంహారము

పై విచారణ వలన తేలిన విషయములను సంగ్రహింతము. ఊరి వీధి చరిత్రకు పాత ఛాయాచిత్రమును ఆధారముగా గొనునపుడు, మొదట అది ఏ విధానమున, ఎంత సేపటిలో తీయబడినదో తెలిసికొనవలెను. రెండవది, తీసినవా డెవ్వడు, ఎవరికొరకు తీసెనో విచారింపవలెను. మూడవది, చిత్రములో నిలుకడైన వస్తువులను గూర్చిన సాక్ష్యమును, కదలు ప్రాణులను గూర్చిన సాక్ష్యమును వేరుచేయవలెను. మొదటిదానిని గ్రహింపవలెను, రెండవదాని మౌనమును ‘లేదు’ అను మాటగా గ్రహింపరాదు. నాలుగవది, చిత్రమును శాసనముతో, యాత్రికుని వ్రాతతో, కావ్యముతో, ఆ వీధిలో పుట్టి పెరిగినవారి జ్ఞాపకముతో కలిపి చదువవలెను. కడపటి యాధారము అన్నిటికంటె త్వరగా నశించునది. కంబములు ఇంకను శతాబ్దములు నిలువవచ్చును. కాగితపు ప్రతికృతులు భద్రమైన పెట్టెలలో నున్నవి. కడ్డిరాంపురమునకు పోయిన పెద్దలు చెప్పగల మాటలు మాత్రము వారితోనే పోవును.

ఈ న్యాయము హంపీకి మాత్రమే పరిమితము కాదు. మన జిల్లాలలో రథవీధి గల ప్రతి గ్రామమునకును ఏదో యొక పాతచిత్రము కలదు: పెండ్లి ఊరేగింపుదో, బడి పిల్లలదో, క్రొత్తగా వచ్చిన బస్సుదో. మా విద్యార్థులు సెలవులలో తమ ఊళ్ళకు పోవునపుడు అట్టి చిత్రముల నకళ్ళను సేకరించి, వానిని ఊరి పెద్దలకు చూపి, ఎవరి ఇల్లెచ్చట నుండెనో, ఏ మూల నెవరు కూర్చుండెడివారో, చిత్రమున పడనిదేమో అడిగి వ్రాసికొని రావలెనని ఈ సంవత్సరము నియమించితిమి. చిత్రమున పడినదానికంటె పడనిదానిని గూర్చి యెక్కువ వ్రాయుడని చెప్పితిమి.

తరగతిలో ఆ పాతచిత్రమును మేము నేటికిని చూపుచున్నాము. దానిని మానుటకు కారణము లేదు. అది మంచి చిత్రము. కాని “అట్లుండెడిది, ఇట్లైనది” యను మాట మానితిమి. దానికి బదులుగా విద్యార్థులను ఒక ప్రశ్న యడుగుచున్నాము: కెమెరా కన్ను తెరచియున్న ఆ కొన్ని నిమిషములలో ఈ వీధిని ఎవరెవరు దాటిపోయి యుందురు? వారిచ్చు సమాధానములలో పూలమ్మువారు ఎప్పుడును మొదట వత్తురు.